అడవిలో చిత్రగుప్తుడు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున పుస్తకములను గూర్చియు, కవులను గూర్చియు చెప్పదగినవారు ఈ వేదికమీద పలువురు గలరు. ఈ ప్రసంగము మాత్రము అట్టలు లేని ఒక పుస్తకమును గూర్చినది. ఆ పుస్తకము అడవి. దాని పుటలు ప్రతిరాత్రియు తిరుగుచుండును. వాటిని చదువుటకు నేడు ఒక క్రొత్త సాధనము దొరకినది.

యమధర్మరాజు కొలువులో లెక్కలు వ్రాయు చిత్రగుప్తుని ఎరుగనివారు లేరు. ఆ పేరును విడదీసి చూచినచో చిత్రము, గుప్తము అను రెండు మాటలు కనిపించును. కనబడకుండ నుండి బొమ్మను పట్టి దాచువాడని చమత్కారముగా అర్థము చెప్పుకొనవచ్చును. అట్టి చిత్రగుప్తుడు ఇప్పుడు నిజముగనే అడవులలో ప్రవేశించియున్నాడు. చెట్టు మొదట మోకాలెత్తున కట్టబడి, రాత్రింబవళ్ళు రెప్పవేయక, తన ముందు నడచిన ప్రాణిని బొమ్మతీసి, దానిపై తేదీయు గంటయు వేసి ఉంచెడు చిన్న కెమెరాయే ఆతడు. ఆంగ్లభాషలో దానికి ఉచ్చు అను అర్థము వచ్చు పేరు పెట్టినారు. ఈ ఉచ్చులో తగిలిన జంతువునకు గాయము లేదు, బంధనము లేదు. దాని నీడ మాత్రము మనకు చిక్కును, అది తన దారిన పోవును.

అయితే చిత్రగుప్తుడొక్కడే యమలోక వ్యవహారమును నడపలేడు. భటులు కావలెను, లెక్క చదివి వినిపించువారు కావలెను, విని తీర్పు చెప్పువాడు కావలెను. కెమెరాకును అంతే. దానిని మోసికొనిపోయి కట్టువారు, బ్యాటరీలు మార్చువారు, వేలకొలది బొమ్మలను ఒక్కొక్కటిగా చూచి పేరు వ్రాయువారు లేనిదే అది ఉత్త పెట్టె. ఆ పనిని జీతము కోరక, తమంతట తాము ముందుకు వచ్చి చేయు జనులు ప్రపంచమందు పలుచోట్ల ఏర్పడినారు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములవారికి అందులో పాలు ఏల ఉండవలెను, ఎట్లుండవలెను అనునదే ఈ ప్రసంగమునకు విషయము.

లెక్కను గూర్చిన కథయొకటి భారతములో నున్నది. అరణ్యపర్వమందలి నలోపాఖ్యానమున ఋతుపర్ణ మహారాజు బాహుకుడు తోలెడు రథమెక్కి విదర్భకు పోవుచు, త్రోవలో ఒక తాండ్రచెట్టును చూచి దాని ఆకులెన్నియో, కాయలెన్నియో చెప్పును. బాహుకుని రూపములో నున్న నలుడు ఆ మాటను ఊరక నమ్మడు. రథము నిలిపి, దిగి, స్వయముగా లెక్కించి చూచి, సరిపోయిన పిదపనే రాజునకు నమస్కరించి ఆ విద్యను అడుగును. ఈ కథలో రెండు నీతులున్నవి. సర్వమును ఎంచనక్కరలేకయే కొంత చూచి మొత్తమును ఊహించు విద్య యొకటి కలదు. అట్టి ఊహను పరీక్షించి చూడక నమ్మరాదు. అడవిజంతువుల గణనకు ఈ రెండును ప్రాణములు.

పూర్వము రాజులు అడవికి పోవుట వేట కొరకే. సూర్యాపేట చెంతనున్న పిల్లలమర్రి పేరు ఇంటిపేరుగా గల పినవీరభద్రకవి శృంగార శాకుంతలము రచించెను. ఆ కథకు మొదలు దుష్యంతుని వేటయే. బాణము పోయి కెమెరా వచ్చుటకు చాలకాలము పట్టినది. అమెరికాదేశమున జార్జి షైరస్ అను నాతడు రాత్రివేళ దారికడ్డముగా తీగె కట్టి, జంతువు కాలు తగిలినంతనే మెరుపువెలుగు వెలిగి బొమ్మ పడునట్లు ఏర్పాటు చేసెను. ఆ బొమ్మలు 1906లో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికలో వెలువడినవి. మన దేశమున అటవీశాఖోద్యోగియైన ఎఫ్. డబ్ల్యు. ఛాంపియన్ 1920ల యందు ఉత్తరదేశపు శివాలిక్ అడవులలో ఇదే పద్ధతిని పులుల బొమ్మలు తీసెను. ఆతని పుస్తకము 1927లో అచ్చయ్యెను. తుపాకి పట్టుటయే గొప్పయని ఎంచిన ఆ కాలములో కెమెరా పట్టి పులి వద్దకు పోయిన అధికారి ఆతడు.

బొమ్మ తీయుట వేరు, లెక్కించుట వేరు. స్వతంత్ర భారతమున పులుల లెక్క మొదట అడుగుజాడల మీద సాగినది. ఒడిషాకు చెందిన సరోజ్ రాజ్ చౌధురి 1966లో ఆ పద్ధతిని రూపొందించెను. మట్టిలో పడిన పంజా గుర్తుపై అద్దముపెట్టి గీతగీసి, ఆ గీతలను పోల్చి ఎన్ని పులులో చెప్పుదురు. 1972లో జరిగిన దేశవ్యాప్త గణనలో 1,827 పులులని తేలెను. జాడ తీయు నేర్పు గొప్పదే. కాని ఒకే పులి పాదము బురదలో ఒక తీరుగను, ఇసుకలో వేరొక తీరుగను పడును. గీసిన చేతిని బట్టియు గీత మారును. ఒక పులి రెండు పులులగుటకు ఇందు అవకాశమున్నది. దాని ఫలితము రాజస్థానమందలి సరిస్కా అడవిలో బయటపడినది. కాగితముల మీద పులులు సురక్షితముగా నుండగా, అడవిలో ఒక్కటియు మిగులలేదని 2005లో తేటతెల్లమయ్యెను. వేటగాండ్రు చంపిరి, లెక్క మాత్రము బ్రతికియుండెను. భూమి లేక పట్టా యున్నట్లే అయ్యెను. తప్పుడు లెక్క వలన కలుగు కీడు ఎంతటిదో దీనికన్న వేరే నిదర్శనమక్కరలేదు.

ఆ తరువాత దేశమంతట కెమెరా సాక్ష్యమే ప్రధానమయ్యెను. ఆ పద్ధతికి బాట వేసినవారిలో కర్ణాటక శాస్త్రజ్ఞుడు ఉల్లాస్ కారంత్ ముఖ్యుడు. నాగరహోళె అడవిలో పులి చారలను బట్టి లెక్కకట్టిన ఆయన వ్యాసము 1995లో ప్రకటింపబడెను. ఇద్దరు మనుష్యుల వేలిముద్రలు ఒకటి కానట్లే రెండు పులుల చారలును ఒకటి కావు. చిరుతపులి మచ్చలును అట్టివే. ఎడమప్రక్క చారలు కుడిప్రక్క చారలతో కలియవు గనుక దారికి ఇరువైపుల ఎదురెదురుగా రెండు కెమెరాలు కట్టి, రెండు ప్రక్కల బొమ్మయు ఒకేసారి తీయుదురు.

కెమెరా పని మిక్కిలి తేలికగా తెలియును. దాని ముఖమున వేడిని పసిగట్టు కన్నొకటి యుండును. చుట్టునున్న గాలికన్న వేడియైన దేహము దాని ముందు కదలినప్పుడు కెమెరా మేల్కొనును. బొమ్మ మెమరీ కార్డులో చేరును. ఎండలో కాలిన గడ్డి గాలికి ఊగినను అది మోసపోవును. అందుచేత కెమెరా ముందరి గడ్డిని కోయవలెను, సూర్యునికి ఎదురుగా కట్టరాదు. ఇంతటి యంత్రమునకును కొడవలి పట్టిన చేయి తోడుండవలసినదే.

ఇక లెక్క ఎట్లు కట్టుదురు? చెరువులో చేపలెన్ని యున్నవో తెలియవలెననుకొందము. మొదటి దినము వలవేసి 60 చేపలను పట్టి, రెక్కకు గుర్తుపెట్టి మరల నీటిలో విడువవలెను. కొన్ని దినములకు మరల వలవేయగా 50 చేపలు పడినవి, అందులో 10 చేపలకు గుర్తులున్నవి. అనగా పడినవాటిలో అయిదవవంతు గుర్తుగలవి. కనుక మొదట గుర్తుపెట్టిన 60 చేపలును చెరువులోని మొత్తములో ఇంచుమించు అయిదవవంతై యుండవలెను. మొత్తము 300. పులికి దేవుడు పుట్టుకతోనే గుర్తుపెట్టి పంపినాడు. కెమెరా వల వేయును. ఒకసారి కనబడిన పులి మరల ఎన్నిసార్లు కనబడినదో చూచి, కనబడక మిగిలినవెన్నియో శాస్త్రజ్ఞులు కట్టుదురు. ఋతుపర్ణుని విద్య ఇదియే. చెరువునకు నడుమ క్రొత్తనీరు, క్రొత్తచేపలు రారాదు. అట్లే కెమెరాలను ఎక్కువకాలము విడువక, ఆ నడుమ పుట్టుటలును చచ్చుటలును పెద్దగా లేనంత స్వల్పకాలములో పని ముగింతురు.

ఈ తీరున నాలుగేండ్లకొకసారి జరుగు గణనలో 2006లో దేశమున 1,411 పులులని అంచనా తేలెను. 2018లో 2,967, 2022లో 3,682. ఆ 2018 గణన ప్రపంచములోనే అతిపెద్ద కెమెరా పరిశీలనగా గిన్నిస్ పుస్తకమునకెక్కినది. 26,838 చోట్ల కెమెరాలు కట్టిరి. వచ్చిన బొమ్మలు 3,48,58,623. అందులో పులి బొమ్మలు 76,651, చిరుత బొమ్మలు 51,777. లెక్కలో ఆసక్తిగలవారు భాగించి చూచినచో, ఇంచుమించు 455 బొమ్మలకొక పులి బొమ్మ తేలును. తక్కిన 454 ఏమి? దుప్పులు, కణుజులు, అడవిపందులు, మేతకు పోయిన ఆవులు, మేకలు, కట్టెలకు పోయిన మనుష్యులు, ఊగిన గడ్డి. తాలు తూర్పారబట్టినగాని గింజ దొరకదు. నేడు జంతువుల తెగలను వేరుచేయుటకును, చారలను పోల్చుటకును కంప్యూటరు తోడ్పడుచున్నది. అయినను ఆ 26,838 చోట్లకు నడచినది కంప్యూటరు కాదు, మనుష్యుడే.

ఆ నడకకు మన పొరుగుననే నిదర్శనమున్నది. మిర్యాలగూడ నుండి నైరృతిదిశగా పోయినచో నాగార్జునసాగరము, దానిని దాటిన నల్లమల. 1978లో అభయారణ్యముగను, 1983లో పులుల రక్షితప్రాంతముగను ఏర్పడిన నాగార్జునసాగర్ శ్రీశైలము అడవి, 2014లో రాష్ట్రవిభజన జరిగిన తరువాత రెండుగా పంచబడెను. తెలంగాణ పాలికి వచ్చిన భాగము అమ్రాబాదు పులుల రక్షితప్రాంతము. దాని విస్తీర్ణము 2,611 చదరపు కిలోమీటర్లు. అది నాగర్‌కర్నూలు, నల్లగొండ జిల్లాలలో వ్యాపించియున్నది. పులి మనకు దూరదేశపు ప్రాణి కాదు, జిల్లా సరిహద్దులోని కాపురస్థురాలే. 2022 గణనలో తెలంగాణమున 21 పులులు, ఆంధ్రప్రదేశమున 63 పులులు లెక్కకు వచ్చినవి.

ఆ నల్లమలలో చెంచులు తరతరములుగా నివసించుచున్నారు. విరిగిన కొమ్మను, నలిగిన గడ్డిని, కోతికూతను చదువగలవారు వారు. అటవీశాఖవారి కావలిబృందములలో చెంచుయువకులు పనిచేయుచున్నారు. పులి ఏ వాగువెంట దిగునో వారికి తెలిసిన తెలివి పుస్తకములలో లేదు. కెమెరాను ఎచ్చట కట్టవలెనో తెలియనిచో ఎన్ని యంత్రములున్నను వ్యర్థము. వారు పొందు కూలి సంగతి వేరు. ఆ తెలివికి గౌరవమిచ్చి, లెక్కలో వారి పేరును చేర్చుట న్యాయము.

గణనకు పూర్వరంగముగా కాలినడక సర్వే యొకటి జరుగును. మాంసాహారుల జాడలకై మూడుదినములు బాటలవెంట నడచి, మరి మూడుదినములు తిన్నని గీతవెంట నడచుచు దుప్పులు, కణుజులు, మనుబోతులు ఎన్ని కనబడినవో వ్రాయుదురు. ఆ జాడలను బట్టియే తరువాత కెమెరాలకు చోటులు నిర్ణయమగును. 2026 గణనలోని ఈ నడకకు తెలంగాణ అటవీశాఖ సామాన్యజనులను స్వచ్ఛందసేవకులుగా రమ్మని 2025లో ఆహ్వానించెను. హైదరాబాదులోని పులుల సంరక్షణ సంఘమువంటి సంస్థలు అంతకు పూర్వమునుండియే కవ్వాలు, అమ్రాబాదు అడవులలో కెమెరాలతో పనిచేయుచున్నవి. ఈ పని కేవలము ఉద్యోగులది అను కాలము గడచినది.

పులి మాత్రమే ఈ సాక్షి కంటబడునని తలపరాదు. తెలుగుదేశమున కలివికోడి అను పక్షి కథ చిత్రమైనది. 1848 ప్రాంతమున జెర్డన్ అను వైద్యుడు దానిని లోకమునకు తెలిపెను. 1900లో అనంతపురము దగ్గర కనబడిన పిదప అది ఎవరికిని కనబడలేదు. అంతరించినదనియే పండితులు తలంచిరి. 1986 జనవరిలో కడపజిల్లా రెడ్డిపల్లె దగ్గర అది మరల చిక్కెను. బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారు బొమ్మలు చూపి ఊరూర విచారింపగా, ఆ పక్షిని ఎరుగుదునని చెప్పి పట్టియిచ్చినవాడు ఒక పల్లెటూరివాడు. పండితులకు 86 ఏండ్లు కానరానిది పల్లెవాని రాత్రివేట కంటికి కానవచ్చినది. రాత్రిపూట ముళ్ళపొదల నడుమ తిరిగెడు ఆ పిట్టను వెదకుట మిక్కిలి కష్టము. అప్పుడు పరిశోధకులు ఒక ఉపాయము పన్నిరి. పొదలనడుమ మెత్తనిమట్టి పరచి అడుగుల గుర్తులు పట్టిరి, తమంతట తాము బొమ్మతీయు కెమెరాలు పెట్టిరి. ఆ పద్ధతిని వివరించు పత్రము 2002లో వెలువడెను. మట్టియు కెమెరాయు కలిసి సాక్ష్యము చెప్పినవి. పాతవిద్య, క్రొత్తవిద్య తగవులాడక పనిచేసినచో ఎట్టి ఫలము వచ్చునో ఇందు తెలియును.

బొమ్మలు చదువుటలో సామాన్యజనుల శక్తియెంత అను సందేహము కొందరికి కలుగవచ్చును. దానికి ఆఫ్రికాఖండమందలి టాంజానియా దేశము సమాధానము చెప్పినది. సెరెంగెటి అను మహావనమున 1,125 చదరపు కిలోమీటర్లలో 225 కెమెరాలు కట్టిరి. 2010 నుండి 2013 వరకు 12 లక్షల బొమ్మలజట్టులు చేరినవి. వాటిని చదువుటకు పండితులు చాలరైరి. 2012 చివర ఆ బొమ్మలను లోకులందరి ముందు పెట్టగా, పేర్లు నమోదు చేసికొన్న 28,000 మందియు, చేసికొనని 40,000 మందియు కలిసి 1 కోటి 8 లక్షల తీర్పులు వ్రాసిరి. ఒక్కొక్క బొమ్మను పలువురు చూచిరి. ఎక్కువమంది ఏమనిరో దానినే నిలిపిరి. పండితులు పరీక్షింపగా జంతువు పేరు నూటికి 96కు పైగా సరిపోయెను. ఒక్కని కన్ను తప్పవచ్చును, పదిమంది కన్ను తప్పుట అరుదు. ఇది మన పల్లెలలో హద్దురాయి తగవు తీర్చు పద్ధతియే. పలువురు పెద్దలను విడివిడిగా అడిగి, మాట కలిసినచోట రాయి పాతుదురు.

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున రైతులు, ఉపాధ్యాయులు, విద్యార్థులు కెమెరాలను ప్రభుత్వశాఖనుండి తీసికొని, తమ భూములలో కట్టి, కొన్నినెలలకొకసారి కార్డు తీసి బొమ్మలు పంపుచున్నారు. అడవి ప్రభుత్వముదే కావచ్చును, కాని జంతువు సర్వేరాళ్ళను చూచి నడువదు. రైతు పొలమునుండి సాక్ష్యము రానిదే లెక్క పూర్తికాదని ఆ ప్రభుత్వము గ్రహించెను.

ఇప్పుడు మన ఊళ్ళకు వత్తము. 1967 ఆగస్టులో నాగార్జునసాగరము కాలువలకు నీరు విడువబడిన తరువాత మిర్యాలగూడ, హుజూర్‌నగరు, కోదాడ భూములు రూపు మార్చుకొన్నవి. ఎడమకాలువ క్రింద మెట్ట మాగాణియైనది. మనుష్యులకు అన్నము పెట్టిన నీరే జంతువులకును నీడ నిచ్చెను. కాలువగట్ల సర్కారుతుమ్మ పొదలలో, గుట్టల బోళ్ళలో, కృష్ణ ఒడ్డున మట్టపల్లి, వాడపల్లి ప్రాంతపు రేవులలో రాత్రిపూట ఏమేమి తిరుగుచున్నవో మనలో ఎందరికి తెలియును? నక్క, ముంగిస, ఏదుపంది, అడవిపిల్లి, పునుగుపిల్లి, కుందేలు, నెమలి, నీటిలో నీటికుక్క. అన్నిటికన్న ముందు అడవిపంది.

ఈ అడవిపంది పేరెత్తగానే సభలోని రైతుల ముఖములు మారుట సహజము. ఒక్కరాత్రిలో పల్లీచేనును దున్నినట్లు చేయును. మక్కజొన్నను విరిచిపోవును. దానిని ఆపుటకు కొందరు పొలముచుట్టు కరెంటు తీగె లాగుచున్నారు. ఆ తీగెకు పందియని, మనిషియని భేదము లేదు. పొద్దున్నే నీరు పెట్టబోయిన పాలేరునకును, ఇంటివానికిని, ఎద్దునకును అదే గతి. పులులును, చిరుతలును అట్టి తీగెలకు చచ్చినవి. చట్టరీత్యా అది నేరము. పంట పోయిన రైతు దుఃఖము నిజమైనది. ఆ దుఃఖమునకు సాక్ష్యము లేకపోవుటయే పెద్ద లోపము. ఎన్ని పందులు, ఏ మూలనుండి, ఏ గంటకు వచ్చినవి అను ప్రశ్నకు నోటిమాట తప్ప వేరు జవాబు లేనప్పుడు అధికారి వినడు, ఉపాయము తోచదు. పొలముగట్టున నెలదినములు కట్టిన కెమెరా ఆ దారిని, ఆ గంటను చూపగలదు. కావలి ఏ జామున అవసరమో, కంచె ఏ వైపున ముందు వేయవలెనో దానివలన తెలియును.

మరియొక సంగతి వదంతి. చీకటిలో ఏదో కదలెను, పులి వచ్చినదని ఒకడనును. తెల్లవారులోపల అది రెండు పులులగును, మధ్యాహ్నమునకు పిల్లలతో కూడియుండును. ఫోనులలో ఎక్కడిదో పాతబొమ్మ తిరుగును. బడికి పిల్లలు పోరు, కూలికి ఆడువారు పోరు. కర్రలు పట్టిన గుంపు పొదలలోని అడవిపిల్లిని చంపి పులికూనయని ఊరేగించుటయు కలదు. నిజముగా చిరుతయే వచ్చినప్పుడు, ఆ మాటను ఎవరును నమ్మక ప్రమాదము కలుగుటయు కలదు. భయమునకును, నిర్లక్ష్యమునకును విరుగుడు ఒకటే. అది తేదీగల సాక్ష్యము.

అయితే సాక్ష్యము పట్టుటకు కట్టుబాట్లున్నవి. వాటిని పాటింపనిచో మేలుకన్న కీడు ఎక్కువగును.

మొదటిది అనుమతి. అభయారణ్యములలోనికి, రక్షితవనములలోనికి అనుమతి లేక పోరాదు, కెమెరా కట్టరాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము దానిని నియమించుచున్నది. తన పొలములో కట్టదలచినవాడును అటవీశాఖ వారికి తెలిపి, వారి సలహాతో కట్టుట మంచిది. ఎరపెట్టి జంతువును పిలుచుట తగదు. ఎరపెట్టిన లెక్క లెక్క కాదు.

రెండవది చిత్తులేని పద్దు. అయిదు కెమెరాలు ముప్పదిదినములు కట్టినచో 150 కెమెరాదినములు. అందులో అడవిపంది రాక 45 మారులు నమోదైనచో, నూరు దినములకు 30 రాకలు. ఒకే మంద అరగంటలో పదిసార్లు బొమ్మలో పడినను ఒక రాకగనే వ్రాయవలెను. మరుసటి ఏడు 300 కెమెరాదినములలో 60 రాకలు వచ్చినవనుకొందము. తెలియనివాడు పందులు పెరిగినవనును. తెలిసినవాడు నూరింటికి 20 అని కట్టి, రాకలు తగ్గినవనును. అందుచేత ఏమియు పడని రాత్రిని కూడ పద్దులో వ్రాయవలెను. శూన్యమును దాచిన లెక్క అబద్ధపు లెక్క. మరియు పందికి పులివలె చారల గుర్తు లేదు. కనుక రాకలు తెలియునేకాని పందులిన్నియని చెప్పరాదు. తెలిసినంతవరకే చెప్పుట లెక్కగానికి ధర్మము.

మూడవది గోప్యము. చిరుతయో, అలుగో, అరుదైన పక్షియో బొమ్మలో పడినచో ఆ బొమ్మను చోటుపేరుతో ఫోనులలో పంచరాదు. మనకు ముచ్చటయైనది వేటగానికి చిరునామాయగును. అధికారికి తెలుపవలెను, ఊరికి జాగ్రత్త చెప్పవలెను, స్థలమును పద్దులోనే ఉంచవలెను. చిత్రగుప్తుని పేరులో గుప్తము ఊరక చేరలేదు.

నాల్గవది అన్నిటికన్న ముఖ్యము. జంతువుకొరకు కట్టిన కన్ను మనిషిని కూడ చూచును. ఉత్తరాఖండమందలి కార్బెట్ అడవిని గూర్చి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకుడొకరు 2024లో ఒక పత్రము ప్రకటించెను. కట్టెలకును, గడ్డికిని అడవికి పోవు అక్కడి స్త్రీలు, కెమెరా చూచుచున్నదను వెరపుతో బిగ్గరగా మాటాడుట, పాటలు పాడుట మానుకొన్నారని అందు తెలిపిరి. ఆ పాట ఊరక పాడునది కాదు. మనుష్యులు వచ్చుచున్నారని ఏనుగునకును పులికిని తెలుపు హెచ్చరిక అది. కన్ను వేసి పాటను ఆపినచో ప్రాణములకే ముప్పు. ఒక స్త్రీ బొమ్మ కెమెరాలో పడి నలుగురి చేతులలో తిరిగిన అవమానమును కూడ ఆ పత్రము వ్రాసినది. కనుక ఆడువారు నడచు దారిలో, స్నానపురేవులో, బహిర్భూమికి పోవు చోట కెమెరా కట్టరాదు. ఎచ్చట కట్టినారో ఊరిలో ముందుగా చాటవలెను. మనిషి బొమ్మ పడినచో ఇతరులకు చూపక అప్పుడే తుడిచివేయవలెను. ఈ ఒక్క నియమమును తప్పినవానికి ఎంత విద్యయున్నను ఆ పెట్టెను అప్పగింపరాదు.

ఈ కట్టుబాట్లన్నియు విన్నవారికి, ఇంతటి పని ఎవరు చేయుదురను ప్రశ్న తోచును. గ్రంథాలయమునకు ఈ పని క్రొత్తది కాదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును నెలకొల్పిన పెద్దలు జీతము కొరకు పనిచేయలేదు. తెలంగాణమున పలు గ్రంథాలయములు అట్టి స్వచ్ఛందసేవతోనే పెరిగినవి. పుస్తకము ఎవరికిచ్చిరి, ఏ దినమిచ్చిరి, ఏ దినము తిరిగి వచ్చినది అని తప్పక వ్రాయు అలవాటు ఇచ్చట ఉన్నది. ఆ అలవాటే అడవిపద్దునకు మూలధనము. ఆ రిజిష్టరులో కావలసిన గళ్ళు కొన్నియే. క్రమసంఖ్య, స్థలము, కట్టిన తేదీ, విప్పిన తేదీ, బొమ్మ గంట, జంతువు పేరు, ఎన్ని, చూచి ఒప్పుకొన్న ఇద్దరి సంతకములు. పేరు తెలియనిచో తెలియదని వ్రాయుటకు ఒక గడి. జంతువునకు మన ఊరివారు పిలుచు పేరును వ్రాయవలెను. ఏదుపందిని ఏదుపందియనియే, అలుగును అలుగనియే. ఆ పేర్లు ముసలివారి నోటనే మిగిలియున్నవి, పద్దుతో అవియు నిలుచును.

బడిపిల్లలు బొమ్మలు చదువగలరు. రైతులు దారులు చూపగలరు. గొర్రెలకాపరులు జాడలు చెప్పగలరు. అక్షరము రాని తాతకు తెలిసిన అడుగుజాడను, అక్షరము వచ్చిన మనుమడు పద్దులోనికెక్కించుట ఈ పనిలోని సౌభాగ్యము. అడిగినవారికి అటవీశాఖయు, శాస్త్రజ్ఞులును తోడగుదురు. కెమెరాలు ఇప్పుడే లేకున్నను పద్దు ఇప్పుడే తెరువవచ్చును. కన్నును, కలమును చాలు. కెమెరా వచ్చిననాడు దానికి తగిన చేతులు సిద్ధముగా నుండును.

ఒకప్పుడు సరిస్కాలో లెక్క యుండి పులి లేకపోయెను. నేడు మన పొలములలో జంతువులుండియు లెక్క లేదు. ఈ రెండును లోపములే. మొదటిది అబద్ధము, రెండవది అజ్ఞానము. అబద్ధమునకు శిక్ష పులికి పడినది. అజ్ఞానమునకు శిక్ష పంట పోయిన రైతునకును, తీగెకు చచ్చిన ఎద్దునకును, దెబ్బలకు చచ్చిన అడవిపిల్లికిని పడుచున్నది.

ఇరువదియైదేండ్లు మనుష్యులు వ్రాసిన పుస్తకములను కాపాడిన ఈ గ్రంథాలయము, రాబోవు ఇరువదియైదేండ్లలో ఊరి పొలిమేర వ్రాయు పుస్తకమును కూడ కాపాడవలెనని కోరుట అత్యాశ కాదు. స్వర్ణోత్సవమునాడు ఈ బీరువాలో ఆ రిజిష్టరును తెరచి, ఫలానా ఏట ఫలానా గుట్టపై ఇన్ని రాకలని చదివి వినిపింపగల ఒక యువకుడు, ఒక యువతి ఈ సభలోనే కూర్చుండియున్నారు. వారు రేపే మొదటి పుట వ్రాయుదురుగాక.

స్వస్తి.